నోరు నొక్కిన యూపీఎస్

హరిపురం,
ఆగస్టు 4, 2024.

మోహనకృష్ణ బావకి,

అనూరాధ రాస్తున్నది. వారం నుంచి నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో ముందు చెబుతాను. ఫోన్లో నువ్వు నవ్వేస్తావు. "ఓసోస్, ఇంతేనేటి" అంటావు. పక్కనుంచి అక్క "ఏటైందే" అంటూ ఫోన్ లాక్కుంటుంది. నేనడిగింది గాలికి పోతుంది. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

జులై తొమ్మిదిన మధ్యాహ్నం రెండున్నరకి మా కిడ్నీ పరీక్షల సెంటర్లో కరెంటు పోయింది. ముందు గదిలో బెంచీల మీద ఇరవై మంది ఉన్నారు. నేను రక్తాలు తీస్తున్నాను. లోపల నువ్వు పెట్టిన యూపీఎస్ కీచుకీచుమంటోంది. నేను కంగారు పడలేదు. పెట్టిన రోజున నువ్వే కదా చెప్పావు: "బ్యాటరీ అయిపోయే ముందు ఈ యూఎస్‌బీ వైరులోంచి అదే కంప్యూటర్‌కి కబురు సెప్తాది. కంప్యూటర్ అన్నీ మూసుకుని దాని మటుకు అదే ఆగిపోతాది. నువ్వు ముట్టుకోనక్కర్లేదే." నేను ముట్టుకోలేదు బావా. ముప్పావుగంటకి కీచు ఆగింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ లేచింది గానీ, రక్తపరీక్షల ఫైలు తెరుచుకోలేదు. రోజూ తీసే కాపీ కూడా అదే డిస్కులో పడేట్టు పెట్టావు. అదీ పోయింది.

ఆ డిస్కుని విశాఖపట్నం పంపిస్తే పోయిన డిసెంబరు వరకూ బయటికి తీయగలిగారు. తర్వాతి ఏడు నెలలూ లేవు. ఆరువందల పన్నెండు మంది. ఈ ఊళ్లలో ఎవరి కిడ్నీ ఎంత పాడైందో, ఎవరిని మళ్లీ ఎప్పుడు పిలవాలో ఆ ఫైలుకి తప్ప ఎవరికీ తెలియదు.

డాక్టర్ నారాయణమూర్తిగారు అందరి ముందూ అన్నారు: "యూపీఎస్ ఉండగా సిస్టమ్ ఎలా చస్తుంది? నువ్వే స్విచ్ కట్టేసి ఉంటావు." విచారణ తేలేదాకా రావద్దన్నారు. పదకొండేళ్ల ఉద్యోగం. బెంచీ మీద ఉన్నవాళ్లంతా విన్నారు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ వైరు ఎప్పుడైనా పనిచేసిందా?

అనూరాధ

*

బొబ్బిలి,
ఆగస్టు 10, 2024.

చిరంజీవి అనూరాధకి ఆశీస్సులు.

మేం కులాసా. ఉత్తరం చూసి నవ్వొచ్చింది, తర్వాత బాధ కలిగింది. ఎన్నేళ్లయింది పోస్టుమేన్ మా కంప్యూటర్ల షాపు మెట్లెక్కి! మీ అక్క అడిగితే సెంటర్‌కి సంబంధించిన కాగితాలని చెప్పాను. నీలవేణికి ఈమధ్యే బీపీ మాత్రలు మొదలుపెట్టారు, నీకు తెలుసు. ఆమె దాకా తీసుకెళ్లవద్దు.

నువ్వు స్విచ్ కట్టేశావని ఆయన అనడం తప్పే. అయితే వైరు పనిచేయలేదని నువ్వనడం కూడా తొందరపాటే. ఊడ్చేవాళ్లు చీపురుతో లాగి ఉండవచ్చు. ఎలుకలున్నాయి. మీ ఊరి వోల్టేజీ సంగతి సరేసరి. ఎవరినో ఒకరిని అనేముందు చూసుకోవాలి.

కంప్యూటర్ గది తాళం నీ దగ్గరే ఉంటే ఒకసారి చూడు. నల్లటి తెర తెరిచి lsusb అని కొట్టు. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వచ్చిన జాబితాలో కీబోర్డూ మౌసూ కాక ఇంకో పేరు కనిపిస్తే యూపీఎస్‌ని కంప్యూటర్ గుర్తుపట్టినట్టే. అది కనిపిస్తే నా పని నేను సరిగ్గా చేసినట్టు. కనిపించకపోతే వైరు ఊడినట్టు. అంతకంటే ఇందులో ఏమీ లేదు.

డాక్టరుగారి కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది. ఓపిక పట్టు.

మీ బావ,
మోహనకృష్ణ

*

హరిపురం,
ఆగస్టు 23, 2024.

బావా,

చూశాను. ఒంటరిగా చూడలేదు. నర్సు సుహాసినిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. రేపు నేనే ఏదో మార్చానని అనకూడదు కదా.

వైరు ఊడలేదు. చీపురు తగల్లేదు. ఎలుక కొరకలేదు. నువ్వు చెప్పిన మాట కొడితే జాబితాలో యూపీఎస్ కనిపించింది. నీ లెక్క ప్రకారం అక్కడితో ఆగిపోవాలి. నేను ఆగలేదు. ఆ కనిపించే జాబితా వేరు, యూపీఎస్‌తో మాట్లాడే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, వేరు అని ఇంటర్నెట్‌లో రెండు రోజులు చదివి తెలుసుకున్నాను. ఆ ప్రోగ్రాంని లేపి చూశాను. "పరికరం తెరవడానికి అనుమతి లేదు" అంది. అంటే గుమ్మంలో మనిషి నిలబడి ఉన్నాడని కంప్యూటర్‌కి తెలుసు. తలుపు తీయాల్సినవాడికి తాళం ఇవ్వలేదు. అంతేనా?

తర్వాత కంప్యూటర్ రాసుకునే దినచర్య ఫైళ్లు తెరిచాను. యూపీఎస్‌ని అడిగాను, డ్రైవర్ కలవలేదు. యూపీఎస్‌ని అడిగాను, డ్రైవర్ కలవలేదు. ఐదు సెకన్లకొకసారి. జులై తొమ్మిదిన అదే. జూన్‌లో అదే. అది దాచుకున్న ఆఖరి పాత ఫైలు దాకా వెళ్లాను. ఒక్క రోజు కూడా ఆ రెండూ మాట్లాడుకోలేదు.

అక్కడిదాకా నాకు కోపం రాలేదు, నమ్ముతావా? పొరపాటు అనుకున్నాను. అప్పుడు సుహాసిని అంది: "మరి ఇన్నిమాట్లు మొత్తుకుంతే తెర మీదకి ఒక్కపాలైనా రావాలి గదక్కా?" వెతికాం. తెర మీద ఏ హెచ్చరిక చూపాలో, ఏది చూపకూడదో రాసే ఫైలు ఒకటుంది. యూపీఎస్‌తో సంబంధం తెగిపోయింది అనే హెచ్చరిక ఎదురుగా "ఇగ్నోర్", అంటే పట్టించుకోవద్దు అని ఉంది. ఎవరో చేత్తో రాస్తే తప్ప అక్కడ ఆ మాట ఉండదట. ఆ ఫైలు చివరిసారి మార్చిన తేదీ 2023 మార్చి 18, సాయంత్రం 4:52.

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. నీకు టీ తేవడానికి నేను బస్టాండు దాకా వెళ్లాను. ప్లాస్కు పట్టుకుని వచ్చేసరికి నువ్వు బ్యాగు సర్దేసి ఉన్నావు. "అయిపోనాదే, దివ్యంగా ఉన్నాది" అన్నావు.

నీకు తెలుసు. అది పనిచేయడం లేదని తెలుసు. బాగుచేయలేక దాని నోరు నొక్కేశావు. నెలన్నర నుంచి నేను దొంగలా తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. నువ్వు నాకు చీపుర్ల గురించి, ఎలుకల గురించి రాశావు!

ఇంకెన్ని చోట్ల పెట్టావు ఇలాంటివి?

అనూరాధ

*

బొబ్బిలి,
సెప్టెంబరు 2, 2024.

అనూరాధా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చింపేద్దామనుకున్నాను. నేనూ మనిషినే.

సరే, విను. ఎప్పుడూ పెట్టే రకం యూపీఎస్ ఆ నెల దొరకలేదు. కంప్యూటర్ గది ప్రారంభోత్సవం తేదీ మీ డాక్టరుగారు ముందే వేసేశారు. దొరికిన రకం తెచ్చాను. మీ కంప్యూటర్లో ఉన్న లైనక్స్‌తో అది సరిగ్గా కలవలేదు. మూడు గంటలు కుస్తీ పట్టాను. ఒక డ్రైవర్ కాదంటే ఇంకొకటి మార్చాను. తెర మీద ఐదు నిమిషాలకోసారి ఆ హెచ్చరిక పడుతోంది. నాలుగున్నరకి డాక్టరుగారు వచ్చి, "ఏమిటయ్యా ఆ గోల?" అన్నారు. ఆ గోల ఆపాను. వారంలో తిరిగొచ్చి బాగుచేద్దామనే ఆపాను. ఆ వారం రాలేదు. ఇంకో పని, దాని వెనక ఇంకోటి. కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీ లాక్కొచ్చేస్తోంది కదా అనుకున్నాను. అంతసేపు పోతుందని ఎవరనుకున్నారు?

ఇది తప్పు కాదని నేననడం లేదు. కానీ నువ్వు మరీ శుద్ధపూసలా మాట్లాడకు. "ప్లగ్గు తీసి పరీక్షించాను, సక్రమంగా ఆగింది" అన్న కాగితం మీద ఎవరి సంతకం ఉంది? నాది కాదు. నీది. నువ్వు ప్లగ్గు తీశావా? తీయలేదు. నేను పెట్టమన్నాను, నువ్వు పెట్టావు. డాక్టరుగారికి నా సంగతి చెబితే ముందు ఆ కాగితమే బయటికి వస్తుంది. నీ మంచికే చెబుతున్నాను.

వచ్చే నెల సెంటర్లు నడిపే ట్రస్టు వాళ్లు ఇంకో రెండు కేంద్రాల పని ఇస్తామన్నారు. షాపు దాని మీదే నడుస్తోంది. మీ అక్క ముఖం చూసైనా ఆలోచించు.

మోహనకృష్ణ

*

హరిపురం,
సెప్టెంబరు 14, 2024.

మోహనకృష్ణ గారికి,

నా సంతకం గురించి భయపెట్టారు. ఆ భయం తీర్చుకున్నాను. మొన్న డాక్టరుగారింటికి వెళ్లి నిలబడి చెప్పాను: "ప్లగ్గు తీసి చూశానని సంతకం పెట్టాను సార్. చూడలేదు. తప్పు నాది." ఎవరు పెట్టమన్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. "అంటే అబద్ధాలు నీకు ముందునుంచీ అలవాటే" అన్నారు. విని వచ్చాను. నా వాటా చెప్పేశాను. ఇక మీ దగ్గర నన్ను కట్టేసే తాడు లేదు.

ఇంకెన్ని చోట్ల పెట్టారని అడిగితే మీరు చెప్పలేదు. చెప్పకపోతేనే తెలిసింది. సుహాసిని చేత మెళియాపుట్టి సెంటర్ నర్సుకి ఫోన్ చేయించాను. ఆవిడ ఫైలు తెరిచి చదివి వినిపించింది. అదే మాట. ఇగ్నోర్. మొత్తం నాలుగు సెంటర్లు కదూ? వాటన్నిటినీ అలాగే వదిలేసి, ఇంకో రెండింటి పని కోసం కూర్చున్నారు. అక్టోబరు వస్తోంది. గాలివాన పట్టిందంటే ఈ తీరంలో కరెంటు గంటలు కాదు, రోజులు పోతుంది. నాలుగు ఊళ్ల వాళ్ల పేర్లు నీళ్లలో కలిసిపోతాయి.

ఇంకో సంగతి. ఇది రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తున్నాను.

కూర్మమ్మ అని ఒకావిడ ఉంది. నలభై ఆరేళ్లు. జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. ఏప్రిల్‌లో మొదటిసారి రక్తం ఇచ్చింది. కిడ్నీ అంకె అప్పుడే పైకి ఉందని నాకు గుర్తు, ఎంతో గుర్తులేదు. మూడు నెలలకి మళ్లీ పిలవాలి. ఎవరెవరిని పిలవాలో ప్రతి సోమవారం కంప్యూటర్ జాబితా ఇస్తుంది. జులై మధ్యలో ఆవిడ పేరు రావాలి. జాబితా లేదు, ఫోన్ వెళ్లలేదు. ఆవిడకి చదువు రాదు, చీటీ మీద తేదీ ఉన్నా తెలియదు. పోయిన వారం కాళ్లు వాచిపోయి, అల్లుడి ఆటోలో వచ్చింది. నేను సెంటర్లో లేనని తెలిసి మా ఇంటికే వచ్చింది. "ఫోన్ రాలేదు గదమ్మా, బాగానే ఉన్నాది కావాల అనుకున్నాను" అంది.

ఫోన్ రాలేదు గనక బాగానే ఉందనుకుందట.

ఇప్పుడు డయాలసిస్ అన్నారు. జులైలోనే చూసి ఉంటే తప్పేదా అని డయాలసిస్ డాక్టర్ని అడిగాను. "తప్పేదని చెప్పలేను. కొన్నాళ్లు వెనక్కి జరిగేది" అన్నారు. ఆ కొన్నాళ్లు ఎవరివి?

అక్క ముఖం చూడమన్నారు. కూర్మమ్మ కాళ్లు చూశాను. చాలు.

అనూరాధ

*

పలాస,
సెప్టెంబరు 29, 2024.

అనూ,

బస్సు కోసం కూర్చుని రాస్తున్నాను. పది రోజులుగా షాపు మూసేసి తిరుగుతున్నాను. మెళియాపుట్టితో మొదలుపెట్టి మిగిలిన సెంటర్లన్నీ అయ్యాయి. నిన్న మీ హరిపురంది కూడా చేశాను. సుహాసిని గది తాళం తీసి, అటు తిరిగి వెళ్లిపోయింది. నేనూ మీ ఇంటికి రాలేకపోయాను.

నువ్వు చెప్పింది నిజమే. తాళం ఇవ్వలేదు. ఆ ప్రోగ్రాం ఏ పేరు మీద నడుస్తుందో, ఆ పేరుకి యూఎస్‌బీ తలుపు తీసే అనుమతి ఇస్తూ నిబంధనల ఫైలులో ఒక్క వరస రాయాలి. వైరు ఒకసారి పీకి మళ్లీ గుచ్చాలి. డ్రైవర్ కూడా వేరేది. ఆ రోజు నేను నాలుగోది ప్రయత్నించి ఉంటే దొరికేది. మూడో దానితో ఆపేశాను. ఒక్క వరస అనూ. పావుగంట పని.

ప్రతి చోటా ప్లగ్గు పీకి చూశాను. బ్యాటరీ తగ్గగానే ఫైలు మూసుకుని కంప్యూటర్ దానంతటదే ఆగింది. హెచ్చరికలన్నీ మళ్లీ తెర మీద పడేట్టు పెట్టాను. రోజూ తీసే కాపీ వేరే డిస్కుకి మార్చాను. సర్వీసుకి వచ్చానని చెప్పాను, ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడన్నీ బాగున్నాయి. ఇక ఎవరికీ ప్రమాదం లేదు. ఈ మాట డాక్టరుగారికి చెప్పి కొత్తగా వచ్చే లాభం ఏమిటి? నీకు బొబ్బిలిలో మంచి ల్యాబ్‌లో ఉద్యోగం నేను చూస్తాను. ఒట్టు.

కూర్మమ్మ సంగతి చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు.

బావ

*

హరిపురం,
అక్టోబరు 7, 2024.

బావా,

సర్వీసుకి వచ్చానని చెప్పావా! దొంగతనంగా పాడుచేసి, దొంగతనంగానే బాగుచేశావు.

ఇప్పుడు ఎవరొచ్చి చూసినా నీ యంత్రాలు దివ్యంగా పనిచేస్తాయి. యూపీఎస్ బంగారం, వైరు బంగారం, మోహనకృష్ణ బంగారం. మరి జులైలో ఎందుకు పోయింది? అనూరాధ స్విచ్ కట్టేసింది గనక పోయింది! నాకున్న ఒక్క సాక్ష్యాన్నీ బాగుచేసిపెట్టావు. తెలిసి చేశావో తెలియక చేశావో నాకు అనవసరం. సుహాసిని ఆ పాత ఫైళ్లకి ఫోటోలు తీసి ఉంచింది, అది వేరే సంగతి.

ఆ ఫోటోలు పట్టుకెళ్లి నేను చెప్పవచ్చు. చెప్పను. అక్క కోసం కాదు. అక్కకి నేనే పోయిన ఆదివారం ఫోన్ చేసి అంతా చెప్పేశాను. బీపీ పెరగలేదు. "ఆయనకి అన్నం ఎందుకు దిగట్లేదో ఇప్పుడు తెలిసినాది" అంది. నేను చెప్పకపోవడానికి కారణం వేరు. నేను చెబితే అది ఉద్యోగం పోయినదాని ఏడుపు అవుతుంది. నువ్వు చెబితేనే జరిగింది జరిగినట్టు ఉంటుంది.

నాకు బొబ్బిలిలో ఉద్యోగం వద్దు. నా పరువు పోయింది హరిపురంలో. అది ఇక్కడే తిరిగి రావాలి.

ఈ నెల ఇరవై ఒకటిన ట్రస్టు వాళ్లు వస్తున్నారు. నన్ను తీసేసే కాగితం మీద ఆ రోజే సంతకాలట. నేను అక్కడ ఉండను. చీటీల కోసం ఊళ్లు తిరుగుతున్నాను. పరీక్ష చేసినప్పుడు అందరికీ అంకె రాసి చిన్న చీటీ ఇచ్చాం కదా. పారేసినవాళ్లు పారేశారు, దాచినవాళ్లు దాచారు. ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నాను. జీతం లేదు, ఎవరూ చెప్పలేదు. ఊరికే కూర్చుంటే కోపంతో చచ్చిపోతాను గనక తిరుగుతున్నాను.

వస్తావో రావో నీ ఇష్టం. రాకపోతే ఇదే ఆఖరి ఉత్తరం.

అనూరాధ

*

బొబ్బిలి,
అక్టోబరు 24, 2024.

అనూరాధా,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవై ఒకటిన పదిన్నరకి వెళ్లాను. లోపల డాక్టరుగారు, ట్రస్టు వాళ్లు ముగ్గురు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. 2023 మార్చి పద్దెనిమిదిన యూపీఎస్ పలకలేదని, తెలిసీ హెచ్చరిక ఆపేశానని, కాగితం మీద నీచేత నేనే సంతకం పెట్టించానని, నాలుగు సెంటర్లలోనూ అదే రకం పెట్టి అదే చేశానని, పోయిన నెల ఎవరికీ చెప్పకుండా వచ్చి బాగుచేసి పోయానని. రాసి తెచ్చిన కాగితం కూడా ఇచ్చాను. చదువుతుంటే డాక్టరుగారి మెడ ఎర్రబడింది.

"ఆ అమ్మాయిని అందరి ముందూ అన్నానయ్యా నేను" అన్నారు. అది నా మీద కోపమో, ఆయన మీద ఆయనకే కోపమో తెలియలేదు.

ట్రస్టు ఆయన నమ్మలేదు, చూపించమన్నాడు. అనుమతి వరస తీసేసి మార్చిలో ఎలా ఉందో అలా పెట్టి ప్లగ్గు పీకాను. యూపీఎస్ అరుస్తోంది, కంప్యూటర్‌కి పట్టలేదు. మళ్లీ ఆ వరస రాసి, వైరు గుచ్చి, ప్లగ్గు పీకాను. ఈసారి కరెంటు పోయిందని తెర మీద వెంటనే పడింది. కాసేపటికి అన్నీ మూసుకుని ఆగిపోయింది. సుహాసిని గుమ్మంలోంచి, "ఈ ఒక్క వరసకేనా సార్ మా అక్కని ఇంట్లో కూకోబెట్టినారు?" అంది.

నా పని అన్ని సెంటర్లలోనూ తీసేశారు. కొత్తవి రెండూ లేవు. అది న్యాయమే.

అక్కణ్ణించి డయాలసిస్ వార్డుకి వెళ్లాను. నువ్వు వెళ్లమనలేదు. కూర్మమ్మ మంచం మీద ఉంది, చేతికి గొట్టాలు. నేనెవరో చెప్పాను. ఏం చేశానో చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాను.

"అయితే బాబూ, నాను సెడిపోతన్నానని ఆ మిసన్‌కి తెలుసా?" అంది.

"తెలుసమ్మా. నీ లెక్క దాంట్లోనే ఉన్నాది. కరెంటు పోతే అది పాడవకుండా కాసే ఏర్పాటు నాను సరిగ్గా సెయ్యలేదు. సెయ్యలేదని ఎవలికీ తెలీకుండా కప్పెట్టినాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా ఒక్కదాని పేరేనా పోనాది?"

"ఆరొందల మందివి పోనాయమ్మా."

"ఆలకి సెప్పినావా?"

లేదన్నాను.

"మరి నాకాడ కూకుంతే ఏటొస్తాది? ఎల్లు. ఆలకి సెప్పు" అని మొహం గోడవైపు తిప్పుకుంది.

ఎలా వెళ్లాలో, ఎవరింటికి వెళ్లాలో నాకు తెలియదు. నీకు తెలుసు. క్షమించమని అడగడం లేదు. ఏ ఊరి నుంచి మొదలుపెట్టాలో చెప్పు.

మోహనకృష్ణ

*

హరిపురం,
నవంబరు 3, 2024.

బావా,

సోమవారం నుంచి డ్యూటీలో చేరుతున్నాను. డాక్టరుగారు గదిలోకి పిలిచి పొరపాటైందన్నారు. "బెంచీల ముందు అన్నారు కదా సార్, బెంచీల ముందే చెప్పండి" అన్నాను. ఆయన లేచి వచ్చారు. ముందు గదిలో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల మధ్య నిలబడి, తప్పు అనూరాధది కాదని చెప్పారు. సూరయ్య అని ఒక ముసలాయన, "మాకు తెలుసు బాబూ, తమరికే ఇయ్యాల తెలిసినాది" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. సంతోషం కూడా రాలేదు. నాలుగు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

ఇప్పటిదాకా నాలుగువందల నలభై మంది చీటీలు దొరికాయి. ఇంకా నూట డెబ్బై రెండు ఉన్నాయి. చీటీ లేనివాళ్లకి మళ్లీ రక్తం తీయడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఆదివారాలు మాత్రమే నాకు వీలవుతుంది. పదో తారీకు ఉదయం ఏడుకల్లా సెంటర్ దగ్గర ఉండు. ప్రతి గుమ్మంలోనూ ముందు నువ్వెవరో, ఏం చేశావో నువ్వే చెప్పాలి. తర్వాతే చీటీ అడుగుతాం. కొందరు తిడతారు. నేను అడ్డుపడను.

నీ మీద నా కోపం అలాగే ఉంది. తగ్గుతుందో లేదో నాకే తెలియదు, అడగవద్దు. నీ బండి మీద నేను ఎక్కను. సుహాసినితో వస్తాను.

నీ బండి మీద కూర్మమ్మ వస్తుంది. వాళ్ల ఊళ్లో ఎవరు చీటీలు ఎక్కడ దాచుకుంటారో తనకి తెలుసని, డయాలసిస్ లేని రోజే గనక వస్తానని పట్టుబట్టింది. వద్దంటే వినలేదు.

కాలవ దాటాక రోడ్డంతా గోతులే. మెల్లగా నడుపు.

అనూరాధ